ఉప్పు డ్రమ్ము అడుగున

ఉప్పు డ్రమ్ము మూత తీశాక విజయభాస్కర్ చేసిన మొదటి పని, మళ్ళీ మూత పెట్టేయడం. రెండో పని, గోడవైపు తిరిగి పొద్దున తాగిన టీ కక్కుకోవడం. నీళ్ళ సాఫ్ట్‌నర్‌ను మన ఇంట్లో మనమే బాగుచేసుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు అతను కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా ఈ వాసన సంగతి చెప్పలేదు. ఆ వీడియోల్లో మనుషులు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, నవ్వుతూ డ్రమ్ములో చెయ్యి పెట్టి తీసి, అదే చేత్తో నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

మామూలు కుళ్ళు వాసనైతే తట్టుకునేవాడే. ఇది అలా లేదు. మొదట నిమ్మకాయ ఊరగాయ వాసన వచ్చింది. నోట్లో నీళ్ళు కూడా ఊరాయి. ఆ వెనకనే చచ్చిన ఎలక వాసన తగిలింది. అలాంటిదానికి నోరూరినందుకు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమప్పా, అయిందా?" వంటింటి కిటికీలోంచి గౌతమి అడిగింది. చంకలో బిడ్డ ఉంది. వెనక మంచం మీద బట్టల సంచి సర్ది ఉంది.

"ఇప్పుడే గదా మొదలుపెట్టింది."

"కణేకల్ బస్సు మధ్యాన్నం పోతాది. ఆలోపల అయితే చూడు. కాకుంటే నేనూ బిడ్డా పోతాం."

భార్య మాటల్లో బెదిరింపు లేదని అతనికి తెలుసు, అందుకే భయం. గౌతమిది కణేకల్. కాలువ నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ సబ్బు ఒక్కసారి రుద్దితే ఆ నురగ పోగొట్టుకోవడమే పెద్ద పని. ఉరవకొండలో ఈ ఇంటి బోరు నీళ్ళకు సబ్బు అరుగుతుంది గానీ నురగ రాదు. కుళాయి మూతికి తెల్లగార, బక్కెట్టుకు తెల్లగార, తలంటుకుని ఆరబెట్టుకుంటే వెంట్రుకలకూ తెల్లగారే. కాపురానికొచ్చిన ఏడాదికి ఆమె జడ సగమైంది. దానికి ఆమె నోరెత్తలేదు. పుట్టింట్లో కాన్పయి, బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చాక మొదలైంది అసలు తంటా. బిడ్డ మెడ మడతల్లో, మోచేతుల లోపల చర్మం ఎర్రగా లేచి పొరలు పొరలుగా ఊడుతోంది. డాక్టరు రాసిన పూతమందు పూస్తే తగ్గుతుంది, స్నానం చేయిస్తే మళ్ళీ లేస్తుంది. నీళ్ళు బాగయ్యాక పిలువు, వస్తాం అంది గౌతమి నిన్న. ఈ ఊళ్ళో నీళ్ళు బాగవడమంటే ఎప్పటి మాటో ఇద్దరికీ తెలుసు.

సాఫ్ట్‌నర్‌ను తెచ్చింది విజయభాస్కర్ నాయన యేసన్న. బస్టాండు పక్కన లాడ్జి మూతపడినప్పుడు, వాళ్ళ పాత సామాన్లలోంచి తెచ్చి ఇంటి వెనక సందులో నిలబెట్టాడు. మనిషెత్తు నీలం సిలిండరు, దాని నెత్తిన పిడి ఉన్న వాల్వు, పక్కన ఉప్పు పోసే ప్లాస్టిక్ డ్రమ్ము. సిలిండరు నిండా ఆవాలంతేసి గోధుమరంగు గుళికలుంటాయి. నీళ్ళలోని సున్నాన్ని అవి పట్టుకుంటాయి. పట్టి పట్టి అవి నిండిపోయాక పిడి తిప్పితే, డ్రమ్ములోని ఉప్పునీళ్ళు సన్నగొట్టంలో ఎక్కి గుళికల్ని కడుగుతాయి. కడిగిన మురికి ఇంకో గొట్టంలో బయటికి పోతుంది. అంతే దాని బతుకు. ఇప్పుడది ఉప్పునీళ్ళను పీల్చీ పీల్చనట్టు పీలుస్తోంది. అనంతపురంలో ఎవరికి ఫోన్ చేసినా ఆ మోడల్‌కు సామాన్లు రావు, పారేసి కొత్తది పెట్టుకోమన్నారు. మీసేవ కేంద్రంలో కీబోర్డు తప్ప వేరే పనిముట్టు పట్టి ఎరగని విజయభాస్కర్, పక్కింటి ఓబులమ్మ దగ్గర పైపు రెంచి అడిగి తెచ్చుకుని తానే పనిలో దిగాడు. ఓబులమ్మ మొగుడు పోయినా ఆయన పనిముట్లు మాత్రం ఆమె నూనె రాసి పెట్టుకుంటుంది. బిడ్డ కోసమంటే వెంటనే తీసిచ్చింది.

ముక్కుకు తువ్వాలు కట్టుకుని మళ్ళీ మూత తీశాడు. పైన ఉప్పు గడ్డకట్టి పెంకులా ఉంది. కడ్డీతో పొడిస్తే పెంకు విరిగి లోపలికి కూలింది. కింది నుంచి నల్లటి నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. వాటిని చెంబుతో తోడి మురుగు పోయే మోరీలో పోశాడు. చెంబు అందనంత కిందికి పోయాక చొక్కా విప్పి, డ్రమ్ము అంచు చంక కింద పెట్టుకుని, చెయ్యి దించాడు.

మెత్తగా తగిలింది. పిసికితే వేళ్ళ సందుల్లోంచి జారింది. ఉప్పూ మన్నూ కలిసిన బురద అనుకుని పిడికిలి పైకి తీస్తే, దానికి వేలాడుతూ వెంట్రుకలు వచ్చాయి. ఒకటీ అరా కాదు, దువ్వెనలోంచి తీసి చుట్టిన ఉండలు. నెరిసినవి, నల్లవి, జిగురుపట్టి ఒకదానికొకటి అతుక్కున్నవి. ఒక ఉండలో బొద్దింక కాళ్ళు ముడుచుకుని ఉంది. విదిలించినా అది చేతిని వదల్లేదు.

అక్కడితో ఆగి ఉంటే పోయేది. రెండోసారి చెయ్యి పెడితే ఉబ్బిపోయిన ఎండుమిరపకాయలు వచ్చాయి. మూడోసారి నిమ్మకాయలు. కోసినవి, నల్లబడినవి, లోపలి గుజ్జు చీములా జారుతున్నవి. వాటితోపాటు చీపురుపుల్లలు, మన్ను, మళ్ళీ మిరపకాయలు. ఉప్పులో ఊరి ఊరి అంతా ఒక ఊరగాయై కూర్చుంది. ఇక జన్మలో నిమ్మకాయ ఊరగాయ ముట్టనని విజయభాస్కర్ అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

వాల్వు పక్కనున్న మర విప్పితే లోపల వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఉంది. ఉప్పునీళ్ళను పీల్చేది అదేనని వీడియోలో చూపించారు. దానికి సూది బెజ్జమంత రంధ్రం. ఆ రంధ్రంలో పచ్చగా మిరపగింజ ఇరుక్కుని ఉంది. పిన్నీసుతో పొడిస్తే ఊడి వచ్చింది. రోగం దొరికింది. దొరికినందుకు సంతోషపడాలో, ఇంటి ఉప్పు డ్రమ్ములోకి మిరపకాయ ఎలా వచ్చిందని భయపడాలో అతనికి అర్థం కాలేదు.

గౌతమి కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది. ఆమెకు అర్థమైంది. "నిమ్మకాయలు, మిరపకాయలు, ఎంటికలు. ఎవరో చేతబడి చేసినారు," అంది మెల్లగా. బిడ్డ తలను కొంగుతో కప్పుకుంది.

ఆ మాటకు యేసన్న లోపలి నుంచి వచ్చాడు. యేసన్న సంఘపెద్ద. పాస్టరు రాని ఆదివారాలు వాక్యం చెప్పేది ఆయనే. కళ్ళజోడు సర్దుకుని, మోరీ పక్కన కుప్పగా పడున్నదాన్ని కట్టెతో కదిపి చూశాడు.

"సాతాను క్రియ," అన్నాడు. తర్వాత గోడవైపు చూశాడు. "ఈ పక్కామె పనే. గోడ పొట్టిది, చెయ్యి సాపితే డ్రమ్ము అందుతాది. నిమ్మచెట్టు వాళ్ళింట్లోనే ఉండాది. కడుపు పండని మనిషి, మన బిడ్డను ఎత్తుకున్నపుడల్లా కిందికి దించదు. నేను చూస్తానే ఉండా."

గోడ అవతల ఓబులమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

విజయభాస్కర్ చేతిలో రెంచి ఉంది. ఆమెదే. ఒక్క క్షణం అతను నాయన మాట నమ్మాడు. నమ్మి, ఆ రెంచిని కింద పడేశాడు. గట్టు మీద కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుస్తున్న అమ్మ సువార్త మాత్రం తల ఎత్తలేదు. ఒలుస్తూనే ఉంది. గింజలు చేటలో పడాల్సినవి నేల మీద పడుతున్నాయి.

"నలుగుర్ని పిల్చుకొస్తా. ఆమె ఇంటి ముందర నిలబెట్టి అడుగుతా," యేసన్న చెప్పుల కోసం చూసుకున్నాడు.

"యాడికీ పోవద్దు," అంది సువార్త. "ఆమెనేమీ అనొద్దు. అవి ఏసింది నేనే."

"ఏమి ఏసినావు?"

"దిష్టి తీసిన ఉప్పు."

సువార్త చేట పక్కన పెట్టి, ఒడిలోని పొట్టు దులుపుకుంది. తప్పు చేసినట్టు కాదు, ఇంతకాలానికి ఎవరో అడిగినట్టు చెప్పుకొచ్చింది.

"ముందర మూడుదావల కాడ పారబోస్తాంటి. నువ్వు సంఘపెద్దవైనంక ఎవరో చూసి పాస్టరుకు చెప్పినారు. ఆయన ఆరాధనలో అందరి ముందర అనె, విశ్వాసులు ఇట్లాంటివి చెయ్యగూడదని. నా పేరు చెప్పలేదు గానీ అందరూ నా పక్కే చూసిరి. పొయ్యిలో ఏస్తామంటే ఇప్పుడు గ్యాసు, మిరపకాయ కమురు వీధంతా పోతాది. తొక్కేచోట ఏస్తే తొక్కినోళ్ళకు తగులుతాది. ఉప్పు నీళ్ళలో కరిగిపోవాల, దిష్టి గూడా దాంతోనే కరిగిపోవాల. డ్రమ్ములో ఎట్లా ఉప్పూ నీళ్ళే గదా ఉండేది. ఎవరికీ కనపడదు. ఉప్పు పోసేదీ నేనే."

ఇంత శుభ్రమైన లెక్క విజయభాస్కర్ ఏ వీడియోలోనూ వినలేదు. అందులో ఎక్కడ తప్పు పట్టాలో అతనికి తోచలేదు.

యేసన్నకు మాత్రం తోచింది. "నా ఇంట్లో దిష్టి తీస్తావా? వాక్యం చెప్పే మనిషి ఇంట్లో? ఎవరికి తీసినావు?"

"బిడ్డకు. కోడలికి. విజయకు, మీసేవ పెట్టినప్పుడు." సువార్త ఆగింది. తర్వాత చెప్పేసింది. "ఎక్కువగా నీకే."

"నాకా?"

"నువ్వు వాక్యం చెప్పేకి పోయే ప్రతి ఆదివారం. తెల్లచొక్కా ఏసుకోని కుర్చీలో కండ్లు మూసుకుంటావు గదా. నేను ఉప్పు తిప్పినంతసేపూ మూసుకోనే ఉంటావు. తిప్పేది అయితానే తెరుస్తావు."

"నేను ప్రార్థన చేసుకుంటాంటి."

"ఉమ్మమంటే పిడికిట్లో ఉమ్ముతాంటివి గదయ్యా. ప్రార్థనలో ఉమ్ముతారా?"

యేసన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

గోడ అవతల నుంచి ఓబులమ్మ గొంతు వచ్చింది. కోపంగా లేదు, ఎండిపోయి ఉంది. "సువార్తక్కా, సర్బత్తుకని నా దగ్గర తీసుకపోయిన నిమ్మకాయలు ఇవేనా?"

సువార్త చేట మళ్ళీ ఒడిలోకి లాక్కుంది. అవతల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది, ఇదివరకటికన్నా గట్టిగా.

విజయభాస్కర్ తన మోచేతి దాకా అంటుకున్న బురద చూసుకున్నాడు. ఇందులో నాయన ఉమ్మి కూడా ఉందన్నమాట. తనదీ ఉంది. అది తలచుకుంటే వాంతి రావాలి. రాలేదు. వాంతి వచ్చినట్టయింది నాయన ముఖం చూస్తే. కళ్ళు మూసుకుని దిష్టి తీయించుకున్న మనిషి, ఒక్క నిమిషం కింద ఒక ఒంటరి ఆడమనిషిని వీధిలో నిలబెట్టడానికి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఆమెకు ఒకమాట చెప్పు నాయనా," అన్నాడు.

"నేననింది ఆమెకు వినపడిందో లేదో," అన్నాడు యేసన్న. చెప్పులు వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

అంత అసహ్యం విజయభాస్కర్‌కు డ్రమ్ము అడుగున కూడా కలగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, "పిన్నమ్మా, తప్పయిపోయింది," అని తనే అన్నాడు. గిన్నెలు తోముతున్న చెయ్యి ఆగలేదు.

"పని చూసుకో నాయనా. రెంచి కడిగియ్యి," అంది ఓబులమ్మ.

గౌతమి ఇదంతా వింటూ వేరే సంగతి ఆలోచిస్తోంది. బిడ్డను ఎత్తుకుని సందులోకి వచ్చింది. "ఆ కడిగిన నీళ్ళు యాడికి పోతాయప్పా?"

"యాడికేముంది, మోరీలోకి."

అన్నాడు గానీ, చూసి అనలేదు. ఇద్దరూ గొట్టం వెంబడి నడిచారు. సిలిండరు నుంచి బయల్దేరిన గొట్టం గోడను పట్టుకుని, మోరీని దాటి, బాత్రూము వెనక ఎండలో ఉన్న సిమెంటు తొట్టిలోకి దిగింది. కట్టుతీగతో బిగించి మరీ ఉంది. ఆ ముడి యేసన్నది. వాన ముఖం చూడని ఊళ్ళో, బోరులోంచి వచ్చిన నీళ్ళను మోరీలో పోనిచ్చే మనిషి కాదాయన. మాసిన బట్టలకో గేదెకో పనికొస్తాయని ఎప్పుడో తిప్పి ఉంటాడు. ఉన్న గేదెను అమ్మేశారు. గొట్టాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. బోరు నీళ్ళే ఉప్పన, ఇంకాస్త ఉప్పయితే ఎవరికి తెలుస్తుంది?

ఆ తొట్టిలో నీళ్ళు మధ్యాహ్నానికి ఎండకు గోరువెచ్చగా కాగుతాయి. పసిబిడ్డకు సరిగ్గా సరిపోయే వేడి.

గౌతమి తొట్టి వైపు చూస్తూ నిలబడింది. "నేనే పోసినా," అంది. "దినమూ ఈ నీళ్ళే బిడ్డకు ఈ చేతుల్తోనే పోసినా." పొడి కొంగుతోనే బిడ్డ మెడ తుడిచింది. మళ్ళీ తుడిచింది. బిడ్డ ఏడుపందుకుంది. అయినా తుడుస్తూనే ఉంటే విజయభాస్కర్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. తన చెయ్యి ఎలా ఉందో గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ తర్వాత అతను పనిలో పడ్డాడు. డ్రమ్ము బోర్లించి, బ్లీచింగు పొడి చల్లి, చీపురుతో గీకి కడిగాడు. కుప్పను పాత ఉప్పుసంచిలోకి ఎత్తి మూతి కట్టాడు. సన్నగొట్టాన్ని ఊది, ప్లాస్టిక్ ముక్కను పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమి, మర బిగించాడు. కట్టుతీగ తెంపి, మురికి గొట్టాన్ని తొట్టిలోంచి లాగి మోరీలోకి తిప్పాడు. కొత్త ఉప్పు పోసి, నీళ్ళు పట్టి, కరిగాక పిడి తిప్పాడు. సిలిండరు లోపల గుటకలు మింగినట్టు చప్పుడైంది. డ్రమ్ములో నీళ్ళు కళ్ళముందే దిగడం మొదలైంది. మోరీలోకి మొదట టీ డికాషన్ రంగు పోయింది, తర్వాత బియ్యం కడిగిన కలి రంగు, తర్వాత ఏ రంగూ లేని నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అంత నీళ్ళు మోరీలో ఇడుస్తావేంరా?" లోపలి నుంచి యేసన్న అడిగాడు. ఎంత జరిగినా ఆయన చెవి నీళ్ళ చప్పుడు దగ్గరే ఉంది.

"పోనీ నాయనా."

చాలాసేపు పోనిచ్చాక కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి, సబ్బు రుద్దాడు. నురగ లేచింది. వేళ్ళ మీద నుంచి మణికట్టు మీదికి పొంగింది. ఈ ఇంట్లో అంత నురగ అతనెప్పుడూ చూడలేదు. ఆ చేతులు అలాగే పట్టుకుని పరిగెత్తినట్టు వెళ్ళి గౌతమికి చూపించాడు.

ఆమె చూసింది. ముఖంలో ఒక మెత్తదనం వచ్చి పోయింది. "బాగుండాది," అంది. సంచి జిప్పు వేసింది.

"బాగయింది గదా. ఇంగ ఏంటికి పోయేది?"

"ఈ నీళ్ళు చూస్తే నాకు అవే కనపడతాండాయి. ఈ పొద్దు ఈడ ఒక చెంబు నీళ్ళు గూడా బిడ్డ మీద పోయలేను. డ్రమ్ము మార్చు. ఆ తొట్టి పగలగొట్టు. రెండూ అయినంక ఫోన్ చెయ్యి, ఆ పొద్దే బస్సెక్కుతా."

అతనికి ఆ మాట చాలు. నీళ్ళు బాగయ్యాక అన్న నిన్నటి మాటకు గడువు లేదు. ఇవాళ్టి మాటకు ఉంది. రేపే సమ్మెట తెస్తాననుకున్నాడు. చేతుల మీది నురగ ఆరిపోయి బిగుసుకుంటోంది.

గడప దగ్గర సువార్త నిలబడి ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి, కొంగు చాటున పెట్టుకుంది. బిడ్డ ప్రయాణమవుతోంది. ఎండలో, బస్సులో, ఎంతమంది కళ్ళో. ఆమె దిష్టి తీయలేదు, తీస్తానని అడగనూ లేదు. ఆ ఉప్పును ఇప్పుడు ఎక్కడ వెయ్యాలో తెలియక, అంత పెద్ద మనిషి చోటు లేనిదానిలా గడపకు అడ్డం నిలబడిపోయింది.

గౌతమి ఆ పిడికిలి చూసింది. అసహ్యపడుతుందనుకున్నాడు విజయభాస్కర్. పడింది కూడా, ముక్కు దగ్గర కనిపించింది. అయినా సంచి కింద పెట్టి, బిడ్డను రెండు చేతుల్లో ముందుకు చాపింది.

"తియ్యత్తా," అంది. "తీసి కవర్లో కట్టియ్యి. మా ఊరి కాలువలో ఏస్తా. పారే నీళ్ళు, కరిగి కొట్టుకపోతాది."

సువార్త కళ్ళు తుడుచుకోకుండానే తిప్పింది. బిడ్డకు తిప్పింది, కోడలికి తిప్పింది. ఇద్దరి ఉప్పూ ఒక కవర్లో పోసి, చేతికి ఇవ్వకూడదు కాబట్టి గడప మీద పెట్టింది. ముడి వెయ్యలేదు. కవరు మూతి తెరిచే ఉంచి, గుప్పెట్లోకి ఇంకొంత ఉప్పు, రెండు మిరపకాయలు తీసుకుంది.

కణేకల్ కాలువ విజయభాస్కర్‌కు తెలుసు. గౌతమి వాళ్ళ వీధి దాటాక రేవు. రేవు కింద ఇంకో ఊరు, ఆ కింద మరో ఊరు. పెళ్ళయిన కొత్తలో అక్కడ మెట్ల మీద కూర్చుని చూశాడు, కిందికి ఆడవాళ్ళు వచ్చి బిందెలు ముంచుకుంటుంటే. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాడు. నోట్లో ఇంకా ఆ ఊరగాయ వాసన ఉంది.

"నువ్వు గూడా రా విజయా," అంది సువార్త. "పొద్దుట్నుంచి ఆ గలీజులో ఉండావు. నిలబడు."

లోపల కుర్చీలో యేసన్న కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. వీధి చివర బస్సు హారను మోగింది. అమ్మ పిడికిలి తల చుట్టూ తిరుగుతుంటే విజయభాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. ఉమ్మమన్నప్పుడు ఉమ్మాడు.